ఓబులయ్య చెవులు వాలినప్పుడు

వెనకున్న అమ్మలు కాస్త ముందుకు జరగండి. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోండి. ఆ అహోబిలం నరసింహస్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

వాగు ఒడ్డున ఓ పచ్చిక బీడు. ఆదివారం వస్తే అక్కడ జంతువులన్నీ ఫుట్‌బాల్ ఆడతాయి. ఆ రోజు నక్కలకీ మేకలకీ పోటీ. రిఫరీ ఎవరంటే, మన ఓబులయ్య. గాడిద. నవ్వకండి! ఆరు రోజులు చాకిరేవుకి బట్టల మూటలు మోసి, ఉన్న ఒక్క సెలవురోజూ ఆటకిచ్చిన మహానుభావుడు. ఈల అక్కర్లేదు, ఓండ్ర పెడితే అవతలి ఊరికి వినపడుతుంది.

ఆ బీడులో ఓ పాత కట్టుబాటుంది. రిఫరీ మధ్యలో వెళ్ళిపోతే, అప్పటికి ఎవరు ముందుంటే వాళ్ళదే గెలుపు. నక్కల నాయకుడు దుబ్బన్న ఇందులో కిటుకు బాగా కనిపెట్టాడు. ఒక గోల్ కొట్టడం, ఆపైన రిఫరీని తిట్టి తరిమెయ్యడం. మొదట రిఫరీగా ఉన్న బాతమ్మ ఏడుస్తూ పోయింది. ఆ తర్వాతొచ్చిన పొట్టేలు కోపం పట్టలేక ఒక నక్కని కుమ్మేసి, ఆ సిగ్గుతో మళ్ళీ రాలేదు.

"ఓబులయ్య బాబాయ్, ఇవాళ నువ్వూ వెళ్ళిపోతే మేమిక ఈ బీడుకి రాం. ఆటా వద్దు, ఈ అవమానమూ వద్దు" అంది మేకల నాయకురాలు చెంగమ్మ.

"స్వామి ఉన్నాడమ్మా" అన్నాడు ఓబులయ్య.

ఆటకి ముందు రెండు జట్లనీ పిలిచాడు. "బాబూ, ఒక్క మాట. మన తాబేలు కూర్మయ్య తాత వాగు మడుగులో అడుగున చిల్లున్న గిన్నె వేస్తాడు. అది నిండి మునిగితే ఆట అయినట్టు. కానీ ఎవరైనా నాతో వాదనకొస్తే నా చెవులు వాలుస్తాను. తాత కిందనుంచి చిల్లుకి ముక్కు ఆనిస్తాడు. గిన్నె ఆగుతుంది. చెవులు లేస్తేనే మళ్ళీ నిండుతుంది."

మేకలు తలలూపాయి. కూర్మయ్య తలూపాడు. నక్కలో? ఏ వైపు ఆడాలన్నదాని మీద అప్పటికే ఊళలు పెడుతున్నాయి. ఒక్క ముక్క వినలేదు. మీరు విన్నారుగా? గుర్తుపెట్టుకోండి.

ఆట మొదలైన కాసేపటికే దుబ్బన్న గోల్ కొట్టాడు. వెంటనే తోకతో సైగ చేశాడు. "చాల్లేరా ఆట. ఇక అరవండి!"

బంతి గీత దాటితే అరుపు. దాటకపోతే అరుపు. పదకొండు నక్కలూ ఓబులయ్యని చుట్టుముట్టాయి.

"ఒరేయ్ గాడిదా!"

"చెప్పండి బాబూ."

"గాడిదా అని తిడుతున్నాం రా!"

"అవునండి, గాడిదనే. ఏం కావాలి?"

"నీకసలు కళ్ళున్నాయా?"

"రెండున్నాయండి. చెవులే కాస్త పెద్దవి."

ఆ పెద్ద చెవులు రెండూ మెల్లగా వాలాయి. నక్కలు సంబరపడిపోయాయి. "చెవులు వాల్చేశాడు రోయ్! ఇక ఏడుపే తరువాయి. ఇంకా గట్టిగా!"

మడుగులో గిన్నె ఆగింది. మేకలు నింపాదిగా పచ్చిక మేస్తూ నించున్నాయి.

ఇలా పదిసార్లు. పదకొండోసారి దుబ్బన్న దగ్గరకొచ్చి, "ఊరందరి మురికి మోసేవాడివి, నువ్వా మాకు న్యాయం చెప్పేది?" అన్నాడు.

ఆ మాట తగిలింది తల్లీ. ఓబులయ్య వెనక కాళ్ళు రెండూ జివ్వుమన్నాయి. ఒక్క తన్ను చాలు, దుబ్బన్న వాగు అవతల ఉంటాడు. కానీ తంతే పొట్టేలు కథే మళ్ళీ. కళ్ళు మూసుకున్నాడు. "నరసింహా, అందరూ నీ కాళ్ళు పట్టుకుంటారు. ఈ ఒక్కసారికి నా కాళ్ళు నువ్వు పట్టుకో!"

పట్టుకున్నాడండీ స్వామి! కాళ్ళు కదల్లేదు. ఓబులయ్య కళ్ళు తెరిచి, "మురికి మోస్తే బట్టలు తెల్లబడతాయి బాబూ. అయిందా? ఆడదామా?" అన్నాడు. చెవులు లేచాయి.

నక్కల నాలుకలు బయటికి వేలాడుతున్నాయి. గొంతులు బొంగురుపోయాయి. కడుపు నిండిన మేకలు చెంగుచెంగున ఉరికి గోల్ కొట్టేశాయి. ఒకటి ఒకటి!

నక్కలు మళ్ళీ చుట్టుముట్టాయి. చెవులు మళ్ళీ వాలాయి. చెంగమ్మ గడ్డి నములుతూ, "అరవండన్నా, అరవండి. మాకు తొందరేం లేదు, గిన్నె ఎలాగూ ఆగింది" అంది.

దుబ్బన్న ఉలిక్కిపడి మడుగు కేసి చూశాడు. ఇంతసేపైనా గిన్నె సగమే మునిగింది! "ఓరి నాయనో, మనం అరిచినప్పుడల్లా అది ఆగుతోంది రా! నోళ్ళు ముయ్యండి! గిన్నె మునిగితే కనీసం సమంగానైనా బయటపడతాం!"

అప్పుడు చూడాలండీ ఆ బీడుని! నక్కలు నోరెత్తకుండా ఆడటం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూడలేదు. ఒక పిల్లనక్క అలవాటుకొద్దీ నోరు తెరవబోతే దుబ్బన్న తన తోక తీసి దాని నోట్లో కుక్కాడు. అంత వినయం! అంత మర్యాద! కానీ కాళ్ళలో సత్తువేదీ? గిన్నె అంచుకి నీళ్ళు వస్తుండగా చెంగమ్మ నాలుగు నక్కల మధ్యనుంచి దూరి రెండో గోల్ కొట్టింది. నక్కలు పళ్ళు బిగబట్టి ఆకాశం చూశాయి.

బుడుంగ్! గిన్నె మునిగింది. ఓబులయ్య ఓండ్ర పెట్టాడు. మేకలు ఆయన చుట్టూ గంతులేశాయి. "బాబాయ్, వచ్చే ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాం!"

దుబ్బన్న బొంగురు గొంతుతో వచ్చాడు. "ఇదేం న్యాయం? వాదిస్తే గిన్నె ఆగుతుందని ముందే చెప్పొద్దూ?"

"చెప్పాను బాబూ."

"ఎప్పుడు?"

"మీరు అరుస్తున్నప్పుడు."

ఇదీ కథ. ఇళ్ళకి పట్టుకెళ్ళాల్సిన మాట ఒక్కటే: నియమం ముందే చెప్పి దానిమీద నిలబడ్డవాడు, అరిచేవాడితో పోటీపడి అరవక్కర్లేదు.