ఉస్తాదు ఎక్కిన సైకిలు

ఓబులేసు బాధల్లా ఒక్కటే. ఏడేళ్లుగా ఉస్తాదు ఖాదర్ వలీ దగ్గర, కొండల్లో తొక్కే సైకిళ్లకు ఉక్కు ఫ్రేములు చేస్తున్నాడు. ఇంతవరకూ ఒక్కదాని మీదా వాడి పేరు పడలేదు.

మదనపల్లెలోని ఆ షెడ్డులో, దర్జీ చొక్కా కుట్టినట్టు, చెయ్యీ కాలూ కొలిచి ఎవరి ఫ్రేము వాళ్లకే చేస్తారు. ఈసారి కొలతలిచ్చింది సుగుణ అనే డ్రిల్లు టీచరు.

"ఇది మొత్తం నువ్వే చెయ్యి బేటా. నీ పేరే కొడదాం" అన్నాడు ఉస్తాదు.

ఓబులేసు కాళ్లు నేల మీద నిలవలేదు. పైపులు కోశాడు, ఇత్తడి కరిగించి అతికించాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అతుకు కనపడకూడదని ఆకురాయి పట్టుకుని రెండు రోజులు రాకాడు. అసలుకే ఎసరొచ్చింది. ఆకురాయి ఇత్తడి దాటి ఉక్కులోకి దిగి, హ్యాండిలు కింద పైపు పలచబడింది. వేలికి తెలుస్తోంది గానీ కంటికి ఆనదు. గుట్టల మీద విరగొచ్చని తెలిసీ దాని మీద రంగు వేసేశాడు.

ఉస్తాదు ఫ్రేము చుట్టూ తిరిగి చూశాడు.

"అతుకు యాడుందిరా?"

"కనపడదు ఉస్తాద్."

ఆయన హ్యాండిలు కింద వేలితో నిమిరాడు. చక్రాలు బిగించమన్నాడు. లుంగీ ఎగగట్టి, సైకిలును షెడ్డు వెనక గుట్ట మీదికి తోసుకెళ్లాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. దారంతా బండరాళ్లు. సీటెక్కి బ్రేకు వదలబోతుంటే, వెనకే వచ్చిన ఓబులేసు అడ్డం తిరిగి హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దు ఉస్తాద్. దిగండి."

"ఏమిరా, నాకు తొక్కను రాదా?"

"అది కాదు..." వాడు హ్యాండిలు వదల్లేదు.

ఉస్తాదు వాడి చేతుల మీద చెయ్యి వేశాడు.

"ఆ టీచరమ్మ ఎక్కే గుట్టలన్నిటి కాడా ఇట్లే అడ్డం నిలబడతావా నాయనా?"

ఓబులేసు కళ్లు తుడుచుకుంటూ గుట్ట దిగాడు. టీచరుకు ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పి వారం గడువు అడిగాడు. కొత్త రంగు మీదే ఇనుప రంపం పెట్టాడు.

వారం తిరిగేసరికి ఫ్రేము మళ్లీ తయారైంది. ఈసారి అతుకుల దగ్గర ఇత్తడి ఉంగరాల్లా ఉబ్బెత్తుగా కనపడుతోంది. వాడు దానికి ఆకురాయి తాకించలేదు.

చక్రాలు బిగించాక ఉస్తాదు మళ్లీ లుంగీ ఎగగట్టాడు.

"ఎక్కుదునా?"

"ఎక్కండి."

పేరు కొట్టే అచ్చుల డబ్బా తీసి ఓబులేసు చేతికిచ్చి, ఆయన సైకిలు తోసుకుంటూ గుట్టకేసి నడిచాడు.

కాసేపటికి గుట్ట మీద రాళ్లు గలగలమన్నాయి. ఓబులేసు అటు చూడలేదు. స్టవ్ వెలిగించి ఇద్దరికీ టీ పెట్టాడు.