లాభం తర్వాత రెండు

అనగనగా ఒక ఊళ్ళో… ఏ ఊరని అప్పుడే అడక్కు, ముందు దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఊరి పేరు గోగులపాడు. ఆ ఊళ్ళో వరాలు అని ఓ పిల్ల ఉండేది. ఆరేళ్ళది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, నవ్వితే అచ్చం నీలాగే ఉండేది.

వరాలు వాళ్ళ నాన్న పేరు రాఘవులు, నాయనమ్మ పేరు పేరమ్మ. అమ్మ పురిటికని పుట్టింటికి వెళ్ళింది. అందుకని ఇంట్లో ఆ కొన్నాళ్ళూ ముగ్గురే.

పేరమ్మ బడి మొహం ఎరగదు. అయితేనేం, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ ఆవిడకి లెక్కల పుస్తకమే. పొయ్యికి రాళ్ళు మూడు, మంచానికి కోళ్ళు నాలుగు, చేతికి వేళ్ళు ఐదు అంటూ పిల్ల చేత చెప్పించేది. వంటింట్లో గిద్ద, సోల, తవ్వ అని మూడు ఇత్తడి కొలపాత్రలు ఉండేవి. అన్నిటికంటే చిన్నది గిద్ద. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది. రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుంది. వరాలు పెరట్లో కూర్చుని ఇసకతో నింపేది, ఒంపేది, మళ్ళీ నింపేది. ఎన్నిసార్లు నింపినా అదే లెక్క వచ్చేది. దానికి అదో పెద్ద వింత.

రోజూ పొద్దున్నే పేరమ్మ బియ్యం కొలిచేటప్పుడు వరాలు పక్కనే చేరేది. మొదటి సోల పోస్తూ నాయనమ్మ 'లాభం, లాభం' అని రాగం తీసేది. మొదటిదాన్ని ఒకటి అంటే ఆ ఒక్కదానితోనే ఆగిపోతుందని పెద్దవాళ్ళ భయం. అందుకని లాభం అనేవారు. ఆ తర్వాతవి మాత్రం పేరమ్మ పెదవుల్లోనే లెక్కపెట్టుకునేది. పైకి వినిపించేది లాభం ఒక్కటే.

ఇలా ఉండగా విజయదశమికి వరాలుని బళ్ళో వేశారు. బడంటే దానికి ప్రాణం. పలకని బొగ్గూ ఆకూ వేసి తోమి, నల్లగా నిగనిగలాడేలా చేసి, చంకలో పెట్టుకుని అందరికంటే ముందు పోయేది.

అప్పుడు లెక్కలు మొదలయ్యాయి. సోమయాజులు మాష్టారు ఐదు సుద్దముక్కలు బల్ల మీద పెట్టి ఎన్నో చెప్పమన్నారు. వరాలు మొదటిదాని మీద వేలు పెట్టి మనసులో లాభం అనుకుంది. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి అంది. నాలుగండీ అని చెప్పింది.

ఇంకోనాడు వరసలో కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టమన్నారు. ఆరుగురున్నారు. ఐదుగురండీ అంది. మరోనాడు ఏడు మందార పువ్వులు పెడితే ఆరండీ అంది. పిల్లలు దానికి 'ఒకటి తక్కువ వరాలు' అని పేరు పెట్టారు. పిల్లలకి జాలి ఎక్కడేడుస్తుంది చెప్పు, నవ్వు దొరికితే చాలు.

మాష్టారు చెడ్డవారు కాదు గానీ ఓపిక తక్కువ. నీకు లెక్క ఎక్కడం లేదు, ఆదివారం వచ్చి మీ నాన్నతో చెబుతాను, ఒక ఏడాది ఇంట్లోనే ఉంచమంటాను అన్నారు.

ఏడాదంటే ఏమిటో వరాలుకి తెలుసు. వాళ్ళ మేనత్తనీ చిన్నప్పుడు ఏడాదే అని బడి మాన్పించారు. ఆవిడకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ ఏడాది ఇంకా పూర్తవలేదు.

వరాలు ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. రాత్రి పలకని పక్కలో పెట్టుకుని పడుకుంది.

ఆదివారం రానే వచ్చింది. పేరమ్మ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. చేతులు జిగురుగా ఉన్నాయని, మనిషికో సోల చొప్పున మూడు సోలలు బియ్యం పోసి కడగమని మనవరాలికి పురమాయించింది. వరాలు వెళ్ళి మొదటి సోలకి లాభం అంది. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అని పోసింది. ఎసట్లో పడేసింది.

కాసేపటికి గిన్నె మూత లేచి, అన్నం పొంగి పొయ్యిలో పడింది. పేరమ్మ లేచొచ్చి చూసింది. ఎన్ని పోశావే అంటే మూడే అంది వరాలు. పేరమ్మ కోప్పడలేదు. ఏం చేసిందో మళ్ళీ చేసి చూపించమంది. సోల పోసినప్పుడల్లా ఒక చింతపిక్క తీసి పక్కన పెట్టమంది.

వరాలు అలాగే చేసింది. అప్పుడు పేరమ్మ భోజనాలకి మూడు పీటలు వాల్చి, ఆ పిక్కల్ని పీటకొకటి పెట్టమంది. నాన్న పీట మీద ఒకటి పెట్టింది. నాయనమ్మ పీట మీద ఒకటి పెట్టింది. తన పీట మీద ఒకటి పెట్టింది. చేతిలో ఇంకో పిక్క మిగిలిపోయింది.

వరాలు ఆ పిక్కని చూస్తూ కూర్చుంది. సుద్దముక్కలు, పిల్లలు, మందార పువ్వులు అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

"నాయనమ్మా, లాభం కూడా ఒకటేనా?" అంది.

పేరమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది. "ఔనమ్మా. లాభం తర్వాత రెండు. నేను పైకి అనలేదు, నువ్వు వినలేదు. తప్పు నాది."

అప్పటికే సోమయాజులు మాష్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వెనకాలే రాఘవులూ ఉన్నాడు. ఇద్దరూ అంతా విన్నారు. పిల్ల వేలు మొదటిదాని మీద ఎందుకు ఊరికే ఆగేదో మాష్టారికి ఇప్పటికి అర్థమైంది. ఆయన నెమ్మదిగా లోపలికొచ్చి, తవ్వకి ఎన్ని గిద్దలే అని అడిగారు.

అది ఎవరూ నేర్పలేదు. వరాలు నాలుగు పిక్కలు ఒకచోట పెట్టింది, ఇంకో నాలుగు పక్కన పెట్టింది. లాభం, రెండు, మూడు అంటూ మొదలుపెట్టి చివరి పిక్క దాకా వెళ్ళి, ఎనిమిదండీ అంది.

మాష్టారు రాఘవులు వైపు తిరిగారు. "నేనేదో చెబుదామని వచ్చాను రాఘవులూ. ఇక అక్కర్లేదు. రేపు పిల్లని పంపించు, ఆ కొలపాత్రలు కూడా ఇచ్చి పంపించు. మిగతావాళ్ళకీ పనికొస్తాయి."

మాష్టారు వెళ్ళబోతుంటే పేరమ్మ భోంచేసి వెళ్ళమంది. అన్నం చాలదేమోనని ఆయన మొహమాటపడ్డారు. వరాలు పరుగున వెళ్ళి నాలుగో పీట తెచ్చి వాల్చింది. చేతిలో మిగిలిన పిక్కని దాని మీద పెట్టింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. పేరమ్మ లేదు. ఆ పొయ్యీ లేదు, ఆ పీటలూ లేవు. గిద్ద, తవ్వ ఎవరింటికి చేరాయో తెలీదు. సోల మాత్రం ఉంది. అంచున సొట్ట ఉన్నది, మన బియ్యం డబ్బాలో ఉంటుందే, అదే.

వరాలు ముసల్ది అయింది. ఇప్పటికీ ఆ సోలతోనే బియ్యం కొలుస్తుంది. ఇంట్లో ఒక్కతే ఉన్నా సరే, లాభం, రెండు, మూడు అని చివరిదాకా పైకే అంటుంది. పక్కన ఏ చంటిది వింటోందో ఎవరికి తెలుసు. నువ్వు పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి వినలేదూ?

సరే, ఇక కళ్ళు మూసుకో.

గిద్దలు నాలుగు సోలకి,
సోలలు రెండు తవ్వకి,
లాభం మొదటి కొలతకి,
నాలుగో పీట మాష్టారికి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్రకి,
మనమేమో మనింటికి.