ఎర్రమెడ పురుగు

పున్నమి ఇంకా వారం ఉందనగా, శ్రామణేరుడు విరూఢుడి మెడమీద ఎర్రటి చార ఒకటి తేలి, నీటిపొక్కులు పొక్కింది.

కృష్ణ ఒడ్డున, వరిపొలాల నడుమ ఉన్న ఆ బౌద్ధ విహారంలో శిష్యుడిగా ఉన్న అతనికి పున్నమినాడే పూర్తి భిక్షుదీక్ష. దీక్షకు ముందు సంఘమంతా వింటుండగా అడుగుతారు: "నీకు కుష్ఠు ఉన్నదా? వ్రణాలు ఉన్నవా?" ఉన్నవన్నవాడికి దీక్ష లేదు.

విరూఢుడు కాషాయాన్ని చెవులదాకా కప్పుకుని తిరగసాగాడు.

"ఏమయ్యా, ఈ ఉక్కలో నీకు చలా?" అంటూ తోటివాడు భద్దకుడు కాషాయపు అంచు లాగాడు. చారను చూసి చటుక్కున చేయి వెనక్కు తీసుకున్నాడు. పొక్కుల మంటకన్నా అదే విరూఢుణ్ణి ఎక్కువ బాధించింది.

ఇక దాచలేక ఆచార్య సంఘపాలుడి ముందు మోకరిల్లాడు. "భంతే, నాకు దీక్షాయోగం లేదేమో."

ఆచార్యుడు మెడను పరిశీలించాడు. "మొన్న సాయంకాలం ధ్యానంలో కదిలావా?"

"లేదు, భంతే. దీపం కొండెక్కేదాకా రాయిలా కూర్చున్నాను." నిశ్చలతలో విహారమంతటా అతనికి పేరు.

ఆచార్యుడు అతణ్ణి పొలం గట్టుకు తీసుకువెళ్లి, తడిసి కుళ్లుతున్న గడ్డిని పక్కకు జరిపాడు. వరిగింజంత పురుగొకటి బయటికి వచ్చింది. చీమలా సన్నని ఒళ్లు, నల్లని తల, ఎర్రని మెడ, నడుము దాటని నీలి పెంకులు. అలికిడికి తోక పైకెత్తింది.

"తేలుపిల్ల, భంతే!"

ఆచార్యుడు వేలు చాచాడు. పురుగు వేలెక్కి, మణికట్టు దాటి, మోచేతిదాకా నడిచింది. అక్కడ ఆయన వరి ఆకు అందించాడు. అది ఆకు కొసకు పాకి, పొట్టి పెంకుల కింద మడిచి దాచుకున్న పొడవాటి రెక్కలు విప్పుకుని ఎగిరిపోయింది.

"ఎల్లుండి రా. ఈ చేయి చూద్దువుగాని."

ఎల్లుండి ఆ చేతిమీద చిన్న మచ్చయినా లేదు.

"మరి నన్నెందుకు కుట్టింది, భంతే?"

"దానికి కొండి లేదు, నాయనా. నా చేతిమీద నడిచింది. నీ మెడమీద కూడా నడిచే ఉంటుంది."

విరూఢుడి అరచేయి తనంతట తానే మెడమీదికి వెళ్లి, సరిగ్గా ఆ చారమీద ఆగింది.

"కొట్టాను, భంతే. నలిపేశాను."

"నలిగితేనే దాని ఒంటిరసం ఒళ్లు పొక్కిస్తుంది. మానిపోతుందిలే," అన్నాడు ఆచార్యుడు.

పున్నమినాడు సంఘం అడిగింది: "వ్రణాలు ఉన్నవా?"

"లేవు, భంతే. ధ్యానంలో ఒక పురుగును చంపాను. దాని గుర్తు ఉన్నది."

వెనుక భద్దకుడు కిసుక్కున నవ్వాడు. అడిగిన పెద్ద భిక్షువు తరువాతి ప్రశ్నకు వెళ్లాడు.

ఆ సాయంకాలం దీపం ముందు, కొత్త భిక్షువు మెడకు రెండోవైపున ఏదో సన్నగా పాకింది. విరూఢుడు దాన్ని నడవనిచ్చాడు.