నాగరత్నమ్మ కుర్చీ

రంగధామం తన భార్య కోసం నాలుగు కుర్చీలు చేశాడు. నాలుగూ ఆమెకు పనికిరాలేదు.

నాగరత్నమ్మకు ఎడమ పక్క పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఆమె కోరింది పెద్దదేమీ కాదు. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోవాలి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తానే లేవాలి. మొదటి కుర్చీ తేలికైపోయి ఆమెతో పాటే కదిలింది. రెండోదానికి చేతులు పెట్టాడు. మూడోదానికి బరువు పెంచాడు. నాలుగోది టేకుతో చేసి కాళ్లకు రబ్బరు తొడుగులు వేశాడు. అందులోంచి ఆమె సగం లేచి, దభీమని మళ్లీ కూలబడింది. భయంతో ముఖం పాలిపోయింది.

"ఇంక చాలండీ. నేను మంచంలోనే ఉంటా," అంది.

ఆ మాట రంగధామానికి గుండెలో గుచ్చుకుంది. ఇంకొక్కసారి కుర్చీ కుదరకపోతే ఆమె మళ్లీ లేవాలని కూడా చూడదని అతనికి తెలుసు.

చేతకాని మనిషి కాదతను. ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో కాలవల డ్రాయింగులు గీసి రిటైరయ్యాడు. ఆ తరవాత పెరట్లో రేకుల షెడ్డు వేసుకొని, సరదాకి వడ్రంగం మొదలుపెట్టాడు. ఆ షెడ్డు చూసి తీరాలి. గోడ నిండా పనిముట్లు. ప్రతిదాని వెనకా దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు. సుత్తి తీస్తే గోడ మీద సుత్తి బొమ్మ మిగులుతుంది. ఏడు రంపాలు, పంతొమ్మిది ఉలులు. ఏ ఉలి తీసినా కాగితాన్ని చప్పుడు కాకుండా కోస్తుంది. అంత శ్రద్ధ ఉన్నవాణ్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఇన్ని ఉండి కూడా కుర్చీ కుదరలేదంటే, తన దగ్గర లేని పనిముట్టేదో ఉండి ఉంటుందని అతను తేల్చుకున్నాడు.

వడ్రంగంలో అతని గురువు హుసేనప్ప తాత. ఊరి బయట దర్గా పక్కన కొట్టంలో ఉండే ఫకీరు. నడవలేక దర్గాకు వచ్చేవాళ్లకు చంకకర్రలు, పీటలు చేసిస్తుంటాడు. తాత సరంజామా మొత్తం ఒక గోనెసంచిలో పడుతుంది. ఒక రంపం, ఒక బాడిశ, రెండు ఉలులు, నడుమ పల్లం పడిన సానరాయి. పెద్ద ఉలి పిడి మీద తాత బొటనవేలికి సరిపడా గుంట పడి ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా రంగధామానికి కొంచెం అసూయ వేసేది. అలాంటిది ఏ అంగట్లోనూ దొరకదు మరి.

నాలుగో కుర్చీని ఆటోలో వేసుకొని తాత దగ్గరికి వెళ్లాడు.

"తాతా, మీకు బాగా ఇష్టమైన పనిముట్టు ఏది? అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది? అదొక్కటి చెప్పండి. ఎక్కడున్నా తెప్పించుకుంటా."

తాత కుర్చీ చుట్టూ తిరిగాడు. అరచేత్తో నిమిరాడు. అతుకు దగ్గర గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు.

"అబ్బా, ఏం చేసినావప్పా! ఇట్లా చేసేది నావల్ల గాదు," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఎత్తు ఎంత పెట్టినావు?"

"పద్దెనిమిది అంగుళాలు. పుస్తకంలో అంతే ఉంది తాతా."

తాత మూలనున్న చీపురు అందుకున్నాడు. అందులోంచి ఒక పుల్ల లాగి రంగధామం చేతిలో పెట్టాడు.

"ఆయమ్మ పాదం నీ చేతిలో పెట్టుకో. ఆడ్నించి మోకాలి మడత దాకా ఈ పుల్ల నిలబెట్టు. ఆడికి విరువు. పనైనాక నాకు తెచ్చియ్యి."

"నా దగ్గర స్టీలు టేపు ఉంది తాతా."

"ఉండనీ."

చీపురుపుల్ల! దారి పొడుగునా అతనికి చిన్నతనంగానే ఉంది. అయినా గురువు మాట. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చున్న భార్య ముందు నేల మీద చతికిలబడి, ఆమె పాదాల వైపు చెయ్యి చాచాడు.

నాగరత్నమ్మ కుడికాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. ఎడమకాలు లాక్కోలేకపోయింది.

"మీరు నా కాళ్లు పట్టుకునేదేందండీ! నాకు పాపం చుట్టుకుంటాది. లేయండి!"

"తాత చెప్పినాడు రత్నం. కొంచేపు ఓర్చుకో."

పెళ్లిలో మెట్టెలు తొడిగిన నాటి తరవాత అతను ఆ పాదాన్ని పట్టుకోవడం ఇదే మొదటిసారి. చల్లగా ఉంది. వేలు వాచి మెట్టె బిగుసుకుపోయింది. అది అతనికి తెలియనే తెలియదు. లేచి వెళ్లి, గోడ మీంచి అన్నిటికంటే చిన్న పట్టకారు తెచ్చి, మెట్టెను మెల్లగా వదులు చేశాడు. ఆమె తల పక్కకు తిప్పుకొని కళ్లు తుడుచుకుంది.

అప్పుడు పుల్ల నిలబెట్టి విరిచాడు.

ఆ పుల్లను కుర్చీ పక్కన పెట్టి చూస్తే, కుర్చీ మూడు అంగుళాలు ఎక్కువ. చీర కుచ్చెళ్ల కింద ఆమె పాదాలు ఏనాడూ నేలకు ఆనలేదు.

"చెప్పలేదేం రత్నం?"

"నా కాలిదే తప్పనుకుంటిని," అందామె.

టేకు కాళ్లకు రంపం ఆనించినప్పుడు అతని చెయ్యి కాసేపు ఆగింది. తరవాత నాలుగూ కోసేశాడు.

మర్నాడు పొద్దున నాగరత్నమ్మ పొయ్యి పక్కన కూర్చుంది. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాయి. పాలు పొంగుతున్నాయి. ఆమె లేవబోతుంటే రంగధామం గబగబా చెయ్యి పట్టుకున్నాడు.

"వదలండి," అంది.

వదిలాడు. కుడిచేత్తో కుర్చీ చెయ్యిని అదిమి, ఒక్కసారి తూలి, ఆమె లేచి నిలబడింది. ఎవరి సాయమూ లేకుండా పొయ్యి ఆర్పింది. రంగధామం వంటింటి గడపలోనే కూర్చుండిపోయి ఏడ్చాడు. సిగ్గుపడలేదు కూడా.

ఆ సాయంత్రం పుల్ల తీసుకొని కొట్టానికి వెళ్లాడు.

"ఏదో పనిముట్టు గావాలంటివే?" అన్నాడు తాత.

రంగధామం తల అడ్డంగా ఊపి పుల్ల అందించాడు. తాత దానికి ఒక గుడ్డపీలిక కట్టి, కొట్టం కప్పులో దోపాడు. రంగధామం తలెత్తి చూశాడు. వెదుళ్ల సందుల్లో వందల పుల్లలు, పొట్టివీ పొడుగువీ, ఒక్కోదానికి ఒక్కో పీలిక. ఇన్నేళ్లూ అవి పొయ్యి రాజేసుకోవడానికి దాచినవనుకున్నాడు.

"తాతా, వీటి మీద పేర్లు లేవే! ఏది ఎవరిదో మీకెట్లా గుర్తుంటుంది?"

తాత ఉలి తుడిచి గోనెసంచిలో పెట్టుకుంటున్నాడు.

"అందరి కాళ్లూ ఈ చేతుల్తో పట్టుకుంటి గదప్పా," అన్నాడు.