అక్షరాల జంతికలు

పొగడవరం రాజు చెన్నభూపాలుడికి ఒకనాడు కొలువు తీరగానే ఓ పంతం పుట్టింది.

"మా అమ్మాయి కుందనకు నాలుగేళ్ళు నిండాయి. ఇంకా 'అ' రాదు. నలభై రోజుల్లో అది నిండు సభలో తనంతట తాను ఒక్క మాట రాయాలి. రాయించినవాళ్ళు ఏదడిగితే అదిస్తాను!"

ఆస్థాన పండితుడు వాచస్పతిభట్టు ఉత్తరీయం సర్దుకుంటూ లేచాడు. ఆయన నాలుగు శాస్త్రాలు చదివినవాడు. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లైనా చెప్పుకునేవాడు.

"ప్రభూ, ఆ ఆశ వదులుకోండి. ఆరు నెలలుగా నేను పడని పాటు లేదు. నిన్నటికి నిన్న ఇసుక పళ్ళెం ముందు పెట్టి 'రాయి' అన్నాను. రాకుమారి లేచి తోటలోకి వెళ్ళి, ఇంత రాయి తెచ్చి నా ఒళ్ళో పడేసింది!"

ఎవరో కిసుక్కుమన్నారు. భట్టు నవ్వలేదు.

"పిల్ల మందబుద్ధి. కొండ అవతల మా అన్నగారి గురుకులం ఉంది. ఓ పన్నెండేళ్ళు అక్కడ ఉంచితే బెత్తమే దారిలో పెడుతుంది."

తెర వెనక రాకుమారిని చంకనెత్తుకుని నిలబడిన దాది సింగమ్మ చెవిన ఆ మాట పడింది. పన్నెండేళ్ళా! ముద్ద ఊది నోట్లో పెడితే తప్ప తినని పిల్ల! ఏం చేస్తున్నదో తెలిసేలోపే ఆమె తెర తోసుకుని ముందుకొచ్చేసింది.

"ఆ నలభై రోజులూ నాకివ్వండి ప్రభూ!"

"నీకా?" అన్నాడు భట్టు. "అసలు నీకు అక్షరం ముక్క వచ్చా?"

"మా అయ్య తాటాకుల మీద గంటంతో రాసే వ్రాయసగాడు స్వామీ. ఆయన పక్కన కూచుని నేర్చుకున్నవే నాలుగక్షరాలు."

"రాయించలేకపోతే?"

సింగమ్మ పిల్లను గట్టిగా హత్తుకుంది. "కోట విడిచి పోతాను."

రాజు సరేనన్నాడు.

మర్నాటి నుంచి సింగమ్మ పిల్లతో 'రాయి' అనలేదు, 'చదువు' అనలేదు. "ఇవాళ 'అ' గారి పండగ!" అంది. అరటాకు పరిచి అటుకులు పోసింది. అద్దం ముందు నిలబెట్టి, నోరు బార్లా తెరిపించి 'అ' అనిపించింది. సాయంత్రం జంతికల పిండిని సన్నగా తాడులా సాగదీసి ఇద్దరూ కలిసి 'అ' చుట్టారు. మన అక్షరాలూ జంతికల్లాంటివే కదా, వంకర్లు తిరుగుతూ! వేయించారు, చదివారు, తినేశారు.

'ఈ' పండగ నాడు ఈలలు వేసుకుంటూ ఇసుకలో వేలితో 'ఈ'లు గీశారు. 'ఉ' నాడు పొద్దస్తమానం ఉయ్యాల. 'ప' నాడు పావురాలకు పప్పులు. 'గ' నాడు నేల మీద గవ్వలతో 'గ' పేర్చి, గంట కొట్టుకుంటూ కోటంతా తిరిగి, వంటవాళ్ళందరినీ పిలుచుకొచ్చి అది చూపించారు.

నడుమ పిల్లకు జ్వరమొచ్చి ఐదు రోజులు పోయాయి. లేచాక అక్షరాలన్నీ గుర్తుపట్టింది కానీ, రెండు కలిపి ఓ మాట చెయ్యమంటే మాత్రం మూతి ముడిచేది. సింగమ్మ పైకి నవ్వుతూనే ఉంది. లోపల మాత్రం మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

నలభయ్యో రోజు వచ్చింది. సభ కిటకిటలాడిపోయింది.

"ఒక షరతు," అన్నాడు భట్టు. "దాది పక్కనుంచి అందిస్తే కుదరదు. ఒక్క మాట పలికినా ఓడినట్టే!"

సింగమ్మ తలూపి ఇసుక పళ్ళెం పక్కన కూచుంది. భట్టు వంగి, మీసాలు రాకుమారి మొహంలో పెట్టి ఉరిమాడు.

"ఊఁ! రాయి!"

పిల్ల చటుక్కున సింగమ్మ కొంగులో దూరింది. భట్టు రాజు వైపు తిరిగి, చూశారా అన్నట్టు చేతులు తిప్పాడు. సింగమ్మకు నోరు విప్పడానికి లేదు.

అంతలో కొంగు సందులోంచి బయటికి చూసిన పిల్ల కిలకిలా నవ్వింది.

"సింగమ్మా! అయ్యగారి ముక్కు మీద చూడు!"

సింగమ్మకు తళుక్కున తట్టింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ముక్కు మీద!" పిల్ల గొంతు పెంచింది.

మళ్ళీ అడ్డంగానే ఊపింది.

"నీకు చెవుడొచ్చిందా?"

సింగమ్మ అమాయకంగా చూసి, తన కళ్ళు చూపించి, ఇసుక పళ్ళెం మెల్లగా ముందుకు జరిపింది.

రాకుమారి ఒక్క క్షణం ఆలోచించింది. పాపం, సింగమ్మకు ఎలాగైనా చెప్పాలి కదా! బుల్లి వేలితో ఒక అక్షరం రాసింది. నాలుక బయటపెట్టి, పట్టుదలగా, దాని పక్కన ఇంకొకటి రాసింది.

రాజు సింహాసనం దిగొచ్చి పైకి చదివాడు.

"ఈ... గ!"

అందరి చూపూ భట్టు ముక్కు మీదికి పోయింది. అక్కడ ఓ ఈగ తీరిగ్గా కూచుని కాళ్ళు రుద్దుకుంటోంది. సభ గొల్లుమంది.

భట్టు ఫట్‌మని తన ముక్కు తనే కొట్టుకున్నాడు. "ఇది మోసం ప్రభూ! దాదికి చెవుడు లేదు!"

"మాట్లాడవద్దన్నారు కానీ, వినక తప్పదని మీరు అనలేదే!" అన్నాడు రాజు.

"అయినా ఇదేం చదువు? అక్షరమంటే సాక్షాత్తూ సరస్వతి! ఆ తల్లిని ఈవిడ నూనెలో వేయించి పిల్లకు తినిపించింది. వంటవాళ్ళంతా సాక్ష్యం! ఇంతకన్నా అపచారం ఉందా?"

నవ్వులు ఆగిపోయాయి. రాజు నొసలు ముడిపడింది. "సింగమ్మా, ఇక నోరు విప్పు. దీనికేమంటావు?"

సింగమ్మ చేతులు జోడించింది.

"సరస్వతి కాపురం నాలుక మీదే కదా స్వామీ! తమరు ఆరు నెలలు చెవి మెలేసి అటునుంచి పంపబోయారు. నేను తిన్నగా ఆ తల్లిని తన ఇంట్లోనే దించాను."

రాజు కిరీటం జారేలా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి సింగమ్మ చేతిలో పెట్టాడు. "ఇది నా సంతోషానికి. ఇప్పుడు నీకేం కావాలో అడుగు!"

"రేపటి నుంచి మా దాసీల పిల్లల్ని కూడా అమ్మాయిగారి పక్కన కూచోనివ్వండి ప్రభూ. పండగ ఒక్కళ్ళే చేసుకుంటే ఏం బాగుంటుంది?"

"ఇచ్చాను! పిండీ నూనే కోటవి. రుచి చూసి తప్పులు దిద్దే పని మన భట్టుగారిది!"

ఈసారి భట్టు మీసాల చాటున కూడా నవ్వు దాగలేదు.