నక్క కొన్న ఏడు గుహలు

కనుమ దారిలో కొండకు ఏడు గుహలున్నాయి. వాటి యజమానురాలు భద్రమ్మ అనే ఎలుగుబంటి. వానాకాలంలో కనుమ దాటే జంతువులన్నీ రాత్రికి అక్కడే దిగేవి. రాత్రికి గుహ అద్దె పది దోసిళ్ల ఎండు ఇప్పపూలు. ఏడాదంతా భద్రమ్మ బతుకు ఆ పూల మీదే.

ఆ ఏడాది మొదటి వానకే నక్క చలమయ్య వచ్చాడు.

"అక్కా, సగం గుహలు ఖాళీగా ఉంటున్నాయి. నేను కనుమ మొదట్లో కూర్చుని జనాన్ని పంపిస్తాను. పదిలో నాలుగు నా కమీషన్."

"నాలుగా! ఊడ్చేది నేను, గడ్డి పరిచేది నేను!"

"ఎవరూ రాకపోతే ఆ పదీ లేవు కదా?"

భద్రమ్మ సణుగుతూనే ఒప్పుకుంది.

వారం తిరక్కుండానే, ఏటా నేరుగా వచ్చే దుప్పి మంగతాయి మొహం ముడుచుకుని వచ్చింది.

"వదినా, పన్నెండు దోసిళ్లు ఇచ్చాను. పొద్దున్నే తేనె పెడతారన్నాడు. ఏదీ?"

"పన్నెండా? తేనేంటి? అసలు నక్క దగ్గర ఎందుకు ఆగావు?"

"గుహలన్నీ నిండిపోయాయి, నా చేతిలో ఒక్కటే మిగిలిందన్నాడు."

ఆ పూట మూడు గుహలు ఖాళీ. భద్రమ్మకు ఒళ్లు మండిపోయింది. వానలోనే కొండ దిగింది.

"నా చుట్టాల్ని నాకే అమ్ముతావా? పైగా లేని తేనె! నాలుగు చాలక ఇంకో రెండు!"

"అబ్బ, రోజూ ఈ గొడవెందుకక్కా? గుహలన్నీ హోల్‌సేల్‌గా నాకే ఇచ్చెయ్. గుహకు ఐదు. నేనెంతకు అమ్ముకుంటే నీకెందుకు?"

భద్రమ్మ అరవబోయి ఆగింది.

"సరే, నెలంతా ఏడూ నీవే. కొన్నాక సరుకు నీది. ఎవరొచ్చినా రాకపోయినా, నెల మొత్తానిదీ ముందే పెట్టు."

గుహ ఇరవైకి అమ్మొచ్చని చలమయ్య నోట్లో నీళ్లూరాయి. దాచుకున్నదంతా, బావమరిది దగ్గర అప్పు చేసిందీ కలిపి మోసుకొచ్చి పోశాడు.

"ఇరవయ్యా? నువ్వే పడుకో!" అని తిరుగు దారిలో వచ్చిన మంగతాయి విసురుగా వెళ్లిపోయి, దారిన పోయే అందరికీ చెప్పింది. అంతా కనుమకు అవతలి పక్కన అడవిపంది పొదల్లో ఆరేసి దోసిళ్లకు దిగారు. కాస్త తడిసినా అక్కడే ఉన్నారు. చలమయ్య పన్నెండన్నాడు, పదన్నాడు, ఐదన్నాడు. ఒక్కరూ నమ్మలేదు.

పదోరోజు తోక వేలాడేసుకుని కొండెక్కాడు.

"అక్కా, మిగిలిన రోజులవి తిరిగిచ్చెయ్. పాత కమీషనే మాట్లాడుకుందాం."

"గుహలు నీవి కదయ్యా! అన్నీ ఊడ్చి ఉంచాను. ఏ గుహలో కావాలంటే ఆ గుహలో పడుకో. నన్ను మాత్రం విసిగించకు!"

నెల దాటాక భద్రమ్మే కనుమ మొదట్లో నిలబడి, పది దోసిళ్లేనని కేకేసి చెప్పింది. అందరికంటే ముందు మంగతాయి కొండెక్కింది. చలమయ్య ఇప్పటికీ బావమరిదికి కనబడకుండా తిరుగుతున్నాడు.

నీతి: లాభంలో వాటా కోరేవాడు నష్టంలోనూ వాటాకు సిద్ధపడాలి.