సువార్తమ్మ వేళ్ళు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి.

కాకినాడలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. అక్కడ పెద్ద డాక్టరు దమయంతమ్మ గారు. రోగి గుమ్మం దాటే తీరు చూసి, వాళ్ళ తాతగారి జబ్బు కూడా చెప్పేసేవారు. ఆవిడ దగ్గర శశిభూషణ్ అనే కుర్ర డాక్టరు పని నేర్చుకుంటున్నాడు. ఎంత చదివాడంటే, వాడి పుస్తకాలకి చోటు చాలక పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు.

వాడికి ఒకరోజు పెద్ద చిక్కే వచ్చింది. నరసాపురం సువార్తమ్మకి వారం వారం మందు ఎక్కించేది వాడే. పన్నెండింటిలో ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో వారం ఆవిడ నడక చూసి, దమయంతమ్మ గారు "ఇవాళ్టికి ఆగు" అన్నారు.

వాడికి పౌరుషం వచ్చింది. కాగితం మీద బొమ్మ గీశాడు.

"కణంలో ఈ సన్నటి గొట్టాలున్నాయే, మైక్రోట్యూబ్యూల్స్, ఇవి లేస్తూ కూలుతూ ఉంటాయండీ. కణం రెండు కావాలంటే క్రోమోజోముల్ని అటూ ఇటూ లాగేవి ఇవే. మన మందు వీటిని కూలకుండా బిగించేస్తుంది. క్యాన్సర్ కణం అక్కడే చతికిలబడుతుంది. ఇప్పుడు ఆపడమేమిటండీ?"

"నరాల్లోనూ ఆ గొట్టాలే కదా?"

"అవునండీ, వేలి చివరిదాకా సరుకు మోసేవి అవే. అవీ బిగుసుకుంటే వేళ్ళు మొద్దుబారతాయి. అందుకే తిమ్మిర్లున్నాయా అని ప్రతి వారం అడుగుతున్నా. లేవంటోంది. ఇదిగో, కేసు కాగితంలో రాశాను కూడా."

దమయంతమ్మ గారు ఆ కాగితం వంక చూడలేదు. సువార్తమ్మని కూర్చోబెట్టారు.

"సంచిలో లేసు సరంజామా ఉందా? నాకో పువ్వు అల్లిపెట్టమ్మా."

సువార్తమ్మ అంటే మాటలా! ఆవిడ అల్లిన లేసు పరిస్తే గోదావరికి ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా వస్తుంది. నిద్రలో కూడా అల్లేది. అలాంటి మనిషి ఇప్పుడు రెప్ప వెయ్యకుండా వేళ్ళకేసి చూస్తూ అల్లుతోంది. మూడో ముడి దగ్గర కొక్కెం సూది జారిపోయింది. నేల మీద టంగుమన్నాక గానీ ఆవిడకి తెలియలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదో వారం నుంచండీ. చెబితే మందు ఆపేస్తారని చెప్పలేదు. వేళ్ళు పోతే పోనీండి. పన్నెండూ ఎక్కించుకునే ఇంటికెళతాను."

"ఆపేదెవరు? ఒక్క వారం వేళ్ళకి సెలవు. తర్వాత మోతాదు తగ్గించి పన్నెండూ పూర్తి చేద్దాం. నీకెంత పంతమో నాకూ అంతే."

శశిభూషణ్ మొహం పాలిపోయింది. "నేను అడిగానండీ... ప్రతి వారం."

"నోటిని అడిగావు," అన్నారావిడ.

వాడు వంగి, కొక్కెం సూది తీసి సువార్తమ్మ ఒళ్ళో పెట్టాడు.

సరే, విన్నది చాలు, లే. మీ పెద్దమ్మకీ ఇలాంటి మందే ఎక్కిస్తున్నారుగా. ఎలా ఉన్నావంటే గుండ్రాయిలా ఉన్నానంటుంది. ఈ చిక్కుడుకాయలు పట్టుకెళ్ళి ఈనెలు తీసిపెట్టమను. ఎదురుగా కూర్చో. ఒక్క ముక్క అడక్కు.